సగం గిన్నె సముద్రం

మా సముద్రపు ఒడ్డు ఊరు సోల్మెలో ఆడవాళ్ళు పొద్దున్నే మొహం కడుక్కోగానే చేసే మొదటి పని, బున్నె అవ్వ పెరట్లోకి వెళ్ళి గిన్నెలోకి తొంగిచూడటం. తలుపు కొట్టే అలవాటు ఎవరికీ లేదు. బుట్ట చంకన పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుంటూనే వస్తారు. సోయా జాడీలు వరసగా పెట్టిన రాతి అరుగు దగ్గర వంగి చూస్తారు. "ఇంకా గంటన్నర టైముందిలే" అనుకుంటూ వెళ్ళిపోతారు. లోపలినుంచి అవ్వ, "చూస్తే చూశారు గానీ గిన్నె మీద దగ్గకండే!" అని అరుస్తుంది. ఎనభై రెండేళ్ళ మనిషి, గొంతు మాత్రం ఓడ కూతలా ఉంటుంది.

గిన్నెకి పెద్ద అందమేం లేదు. అన్నం తినే తెల్ల పింగాణీ గిన్నె, లోపల సరిగ్గా సగానికి ఒక నీలం గీత. అందులో చందమామ ఉంటాడు. రాత్రీ ఉంటాడు, పగలూ ఉంటాడు. ఆకాశంలో ఎంతుంటే గిన్నెలోనూ అంతే. విదియనాడు గోరు కత్తిరించి పడేసినంత, అష్టమికి సగం చెక్క, పౌర్ణమికి నిండుగా. అమావాస్యకి మాత్రం ఉన్నాడో లేడో తెలీదు, ఉత్త నీళ్ళలాగే కనిపిస్తాయి. అతనున్న చోట నీళ్ళు కుదురుగా ఉండవు కదా! సముద్రం ముందుకొస్తే గిన్నె నిండుతుంది, సముద్రం వెనక్కి పోతే గిన్నె తగ్గుతుంది. నీలం గీతకి కింద ఉన్నంతసేపూ బురదలో గవ్వచేపలు ఏరుకోవచ్చు. గీతని తాకాయంటే ఎవరి బుట్ట వాళ్ళు ఎత్తుకుని ఒడ్డుకి రావాల్సిందే.

నలభై ఏళ్ళ కిందట అవ్వ మొగుడు చేపలకి వెళ్ళి రాలేదు. మా ఊళ్ళో అందరిలాగే అవ్వా రోజూ చీకటితో లేచి, ఎవరూ ముట్టని తొలి బావినీళ్ళు గిన్నెలో పోసి, జాడీల అరుగు మీద పెట్టి, రెండు చేతులూ రాసుకుంటూ దండం పెట్టుకునేది. నూరో రోజున తెల్లారింది, ఆకాశంలో చందమామ వెళ్ళిపోయాడు, గిన్నెలోవాడు వెళ్ళలేదు. "పోనీలే, ఒకణ్ణి తీసుకుని ఒకణ్ణి ఇచ్చింది సముద్రం" అని అవ్వ ఇంక ఆ గిన్నెలో నీళ్ళు మార్చలేదు. రోజూ అంచు తుడుస్తుంది, కాసేపు కబుర్లు చెబుతుంది. మేమంతా దాన్నే గడియారం చేసుకున్నాం.

ఎంత గొప్ప గడియారమనుకున్నారు! రోజూ ముప్పావుగంట, ఇంకో నాలుగైదు నిమిషాలు ఆలస్యంగా నడుస్తుంది. ఆ ఆలస్యంలో మాత్రం ఏనాడూ తేడా రాదు. చందమామ ఎంత ఆలస్యంగా లేస్తే సముద్రమూ అంతే ఆలస్యంగా లేస్తుంది. సగం చెక్కగా ఉన్న రోజుల్లో ఇద్దరూ బద్ధకంగా ఉంటారు, నీళ్ళు పెద్దగా రావు, పెద్దగా పోవు. పౌర్ణమికీ అమావాస్యకీ మాత్రం పూనకం వచ్చినట్టు సముద్రం మైలు దూరం వెనక్కి పోతుంది, మళ్ళీ అంత ఊపుగానూ వస్తుంది. పెద్ద చదువులు లేని మా ఆడవాళ్ళు ఇవన్నీ వేళ్ళ మీద చెప్పేవాళ్ళు.

చెప్పలేనిది ఒక్క యోన్సిల్. అవ్వ మనవడు చిల్బోక్‌ని చేసుకుని మూడు నెలల కిందట కాపరానికి వచ్చిన పిల్ల. కొండల్లో చెస్ట్‌నట్ తోటల మధ్య పుట్టింది, పెళ్ళయ్యేదాకా సముద్రం మొహం చూడలేదు. బురదలో మొదటిరోజే మోకాళ్ళదాకా దిగబడి, బూట్లు అక్కడే వదిలేసి ఏడుస్తూ వచ్చింది. బురద మీద జారే చెక్క పలక మీద ఒక మోకాలు ఆనించి రెండో కాలితో తోసుకుంటూ పోవడం ఇక్కడ ఆరేళ్ళ పిల్లలకి కూడా వచ్చు. ఆ పిల్ల పలక ఎక్కితే పలక ఒక దిక్కుకి, మనిషి ఒక దిక్కుకి!

అత్తగారు, అంటే చిల్బోక్ తల్లి, అవ్వకి కోడలు, ఊరి ఆడవాళ్ళకి పెద్ద. బురదలోకి అందరికంటే ముందు దిగుతుంది, అందరికంటే వెనక ఎక్కుతుంది. పనిలో దిట్ట, నోట్లో నిప్పులు. కోడల్ని ఏనాడూ పేరు పెట్టి పిలిచింది లేదు.

"ఏమే కొండపిల్లా, గిన్నెలో నీళ్ళెంతున్నాయో చూసి రమ్మంటే అంతసేపా? అద్దమనుకున్నావా?"

"గీతకి కిందే ఉన్నాయత్తయ్యా... కానీ ఎక్కుతున్నాయో దిగుతున్నాయో తెలీలేదు."

"అదే తెలీకపోతే ఇంకేం చూశావు నా తలకాయ!"

పక్కింటి ఓక్తాన్ పకపకా నవ్వేది. "ఊరుకో వదినా, చెస్ట్‌నట్ చెట్టెక్కమంటే ఎక్కుతుంది. మన బురదలో చెట్లు నాటుకుందాం."

అందరితోపాటు యోన్సిలూ నవ్వేది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని పొగ వంక పెట్టుకుని కళ్ళు తుడుచుకునేది. మొగుడు దూరపు వేటలో ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. ఎవరితో చెప్పుకుంటుంది?

చందమామ లెక్కలో ఏడో నెల ఆఖర్లో అత్తగారు భోజనాల దగ్గర తేల్చి చెప్పేసింది. "ఎనిమిదో నెల పౌర్ణమి పండక్కి పుట్టింటికి వెళ్తావు కదా. వెళ్ళు. అయితే ఈలోగా నీళ్ళ లెక్క తెలుసుకున్నావా సరే. లేదంటే అక్కడే ఉండు. నేను పిలిచేది లేదు. నీళ్ళ లెక్క తెలీని మనిషి ఇంట్లో ఉంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరి ప్రాణం తీస్తుంది."

యోన్సిల్ చేతిలో ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. బున్నె అవ్వ మాత్రం, "నువ్వు కాపరానికొచ్చినప్పుడు నీకేం తెలుసే? పీత కరిస్తే ఊరంతా వినపడేలా ఏడ్చావు" అంది కోడలితో. చిల్బోక్ తల్లి విననట్టు ముల్లంగి పచ్చడి నమిలింది.

ఎనిమిదో నెల మొదటి రోజున, అమావాస్యనాడు, సూర్యగ్రహణమని రేడియో నాలుగు రోజుల ముందే చెప్పింది. గ్రహణమైతే మాత్రం మానుకుంటారా! పెద్ద నీళ్ళ రోజది, పదకొండుకి సముద్రం మైలు వెనక్కి పోతుంది, పండగ ముందు అంత దూరపు బురదమేట దొరకడం అదృష్టం. పన్నెండుమంది ఆడవాళ్ళు పలకలు తోసుకుంటూ కాకివీపు మేట మీదికి వెళ్ళారు. కాకివీపుకీ ఊరికీ మధ్య ఒక కాలవ ఉంటుంది. సముద్రం వచ్చేటప్పుడు ఎదురుగా రాదు, ముందు ఆ కాలవలోంచి దొంగలా వెనకనుంచి వచ్చి దారి మూసేస్తుంది. అందుకే అంత దూరం పోయినప్పుడు పొద్దున్నే గిన్నె చూసుకోకుండా ఎవరూ కదలరు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటదాకా భయం లేదని చూసుకునే వెళ్ళారు.

వెళ్ళేముందు చిల్బోక్ తల్లి గుమ్మంలోంచి అరిచింది. "కొండపిల్లా, ఇల్లు కనిపెట్టుకుని ఉండు. ఏం చెయ్యకు. నువ్వు ఏం చెయ్యకపోతే అదే పదివేలు."

పదింటికి సూర్యుడి అంచు కొరికినట్టయింది. రేవు దగ్గర ముసలాళ్ళూ బడిపిల్లలూ గంటలూ పళ్ళేలూ పట్టుకుని మోగించడం మొదలెట్టారు, గ్రహణమంటే అది మామూలే. అవ్వ మోకాళ్ళ నొప్పితో లోపల పడుకుంది. యోన్సిల్‌కి పుట్టిల్లు గుర్తొచ్చింది. వాళ్ళ కొండమీద గ్రహణం వస్తే వాళ్ళమ్మ ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెనిండా నీళ్ళు పోసి, వాకిట్లో పెట్టి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టేది. "పైకి చూడకండే, కళ్ళు పోతాయి. నీళ్ళలో చూడండి." గిన్నె నిండుగా ఉండాలి, అంచు ఒరిసేలా ఉండాలి. లేకపోతే అంచు నీడ పడి సూర్యుడు సరిగ్గా కనపడడు.

ఆ పిల్ల అరుగు దగ్గరికి వెళ్ళింది. అవ్వ గిన్నెలో అడుగున రెండు గుక్కల నీళ్ళున్నాయి, చందమామ జాడే లేదు. ఉత్త గిన్నె. చిన్నప్పటి ముచ్చట, ఇంటిమీద బెంగ, ఇంకేం ఆలోచించలేదు. చెంబెడు బావినీళ్ళు తెచ్చి అంచుదాకా పోసేసింది.

నీళ్ళలో సూర్యుడు కనిపించాడు. కొరికిన వైపు నల్లటి వంపు. "అమ్మా!" అనుకుని సంబరంగా అరుగు మీద గడ్డం ఆనించి కూర్చుంది.

నలభై ఏళ్ళుగా సముద్రం కదిలితే గిన్నె కదలడం చూశాం గానీ, గిన్నె కదిలితే సముద్రం కదులుతుందని ఎవరికి తెలుసు? ఆ నీళ్ళు ఎవరైనా ముట్టుకుంటేగా!

లోపల పడుకున్న అవ్వకి ముందు వినిపించింది. వేళ కాని వేళ నీళ్ళ చప్పుడు. నడుము పట్టుకుని బయటికొచ్చి కొండవాలు మీదనుంచి సముద్రం వైపు చూసింది. కాకివీపుకి అవతల తెల్లటి గీత ఒకటి, నురగ. ఇంకా పదకొండు కూడా కాలేదు. కాలవ అప్పటికే మెరుస్తోంది. అవ్వ తల తిప్పి గిన్నె చూసింది.

"ఎవరే... ఎవరు పోశారే నీళ్ళు?"

"నేనే అవ్వా. గ్రహణం చూద్దామని..." అంటూనే యోన్సిల్ అవ్వ చూసిన వైపు చూసింది. నేల మీద కూలబడి, "అయ్యో, చంపేశాను! అందరినీ చంపేశాను! రేవులోకెళ్ళి గంట కొట్టిస్తా అవ్వా!" అని లేవబోయింది.

"కొడుతూనే ఉన్నారుగా, వినపడట్లా? గ్రహణం గంటనుకుంటారు. నవ్వుకుంటూ పైకి చూస్తుంటారు." అవ్వ ఆ పిల్ల జబ్బ పట్టుకుంది. అంత ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో. "నువ్వే పోశావు, నువ్వే తాగు."

యోన్సిల్ రెండు చేతుల్తో గిన్నె ఎత్తి గటగటా తాగబోయింది.

"నెమ్మదిగానే! మేట అవతల మనవాళ్ళ పడవలున్నాయి. ఒక్కసారి లాగేస్తే నేలకి తగులుకుని పగిలిపోతాయి. నీ మొగుడు కూడా ఆ నీళ్ళ మీదే ఎక్కడో ఉన్నాడు. గుక్క వెయ్యి, ఆగు. మళ్ళీ గుక్క."

చెంబుతో పోసింది తియ్యటి బావినీళ్ళు. నోట్లో పడింది ఉప్పుసముద్రం. గొంతు మండింది. ఒక గుక్క మింగింది. అవ్వ కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఆగింది" అంది. ఇంకో గుక్క. "వెనక్కి తగ్గింది. నా బంగారు తల్లే, కానీ." నీళ్ళు నీలం గీత కిందికి దిగాయి. యోన్సిల్ ఊపిరి పీల్చుకునేలోపే గిన్నె అడుగునుంచి ఊరి మళ్ళీ గీతదాకా వచ్చాయి. ఒకసారి కదిలించాక సముద్రం ఊరుకుంటుందా! తాగితే తగ్గడం, ఆగితే ఎక్కడం. అలా ఎన్ని గుక్కలో లెక్కలేదు.

ఈలోగా పగలు కాస్తా పోయింది. కోళ్ళు గూట్లోకి దూరాయి. నాలుగు చుక్కలు కూడా పొడిచాయి. గిన్నెలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయి, చుట్టూ వెండి వెలుగు, మధ్యలో నల్లగా, గుండ్రంగా అతను.

అవ్వ కాళ్ళ నొప్పి మర్చిపోయి అరుగు మీద మోకరిల్లింది. "చూడవే... చూడు. ఒంటిమీద వెలుగు లేని రోజని నలభై ఏళ్ళుగా నాకు మొహం చాటేస్తాడు. ఇవాళ ఉన్నానంటున్నాడు! అంత సూర్యుణ్ణీ కప్పేసి నిలబడ్డాడు! ఎంత అందంగా ఉన్నాడే వీడు!" అంటూ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది. అంత భయంలోనూ యోన్సిల్ కూడా చూసింది. అమావాస్యంటే చందమామ లేకపోవడం కాదని, మనకీ సూర్యుడికీ మధ్యే ఎక్కడో చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్తుంటాడని ఆ పిల్లకి అప్పుడు తెలిసింది. ఎక్కుతున్నాయో దిగుతున్నాయో తెలియని నీళ్ళు ఎవరి వెనక నడుస్తున్నాయో కూడా తెలిసింది.

తర్వాత ముత్యమంత వెలుగు అంచున పుట్టింది. పగలు మళ్ళీ వచ్చింది. బురద మీద చుక్కల్లా మనుషులు కనిపించారు, పరుగు పరుగున వస్తున్నారు. చీకట్లో పాదాలకి నీళ్ళు తగిలి అప్పటికి గానీ వాళ్ళకి తెలియలేదు మరి. అవ్వ వేలు పెట్టి లెక్కపెట్టింది. కాలవ దాటినవాళ్ళు ఎనిమిది, తొమ్మిది, పదకొండు.

"ఇంకొకరేరీ?" అంది యోన్సిల్, గిన్నె పెదాల దగ్గరే పెట్టుకుని.

"ఇంకెవరు? నీ అత్త. అందరూ దాటాక గానీ దాటదు, మొండిఘటం."

కాలవ అవతలి గట్టున ఒక్కటే చుక్క. యోన్సిల్ గుక్క మీద గుక్క వేసింది. ఇంక ఒక్క చుక్క కూడా పట్టేలా లేదు. అయినా గిన్నెలో నీళ్ళు గీత దాటి పైకి వస్తూనే ఉన్నాయి, కాలవలో నీళ్ళు ఆ చుక్క నడుందాకా వస్తూనే ఉన్నాయి.

"ఎంత తాగినా తగ్గట్లేదవ్వా!"

"వాడు అందులో ఉన్నంతకాలం తగ్గదు. నువ్వు తాగాల్సింది నీళ్ళు కాదే." అవ్వ గొంతు మొదటిసారి సన్నబడింది.

యోన్సిల్‌కి అర్థమైంది. గిన్నె కిందికి దించేసింది. "వద్దవ్వా. తాతకి బదులు వచ్చినవాడు. మీకున్నది ఆయనొక్కడే."

అవ్వ గిన్నె అంచు కొంగుతో తుడిచింది, రోజూ తుడిచినట్టే. ఒక్క క్షణం లోపలికి చూసింది. "మొగుడికి బదులొచ్చాడు. కోడలికి బదులు పోనీ. కానియ్యవే, అది మునిగిపోతుంటే ఇంకా మాటలేమిటి?"

యోన్సిల్ కళ్ళు మూసుకుని చివరిదాకా తాగేసింది. చల్లగా, గుండ్రంగా ఏదో గొంతులోంచి దిగి గుండెల కింద ఎక్కడో కుదురుకుంది. గిన్నె ఎండిపోయింది. దూరాన కాలవ ఒక్కసారి అడుగు కనిపించేలా తగ్గింది, ఆ చుక్క ఇవతలి గట్టెక్కింది. అప్పుడు సముద్రం నిమ్మళంగా, తన వేళకి తను వచ్చింది.

చిల్బోక్ తల్లి ఇల్లు చేరేసరికి ఒళ్ళంతా బురద, జుట్టు ముడి ఊడిపోయి ఉంది. ఎండిన గిన్నె చూసింది. జాడీలకి ఆనుకుని తెల్లగా పాలిపోయి కూర్చున్న కోడల్ని చూసింది. పక్కన పడున్న చెంబు కూడా చూసింది, తెలివైన మనిషి కదా, ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"చెప్పానా, ఏం చెయ్యకు అని!"

"నాదే తప్పత్తయ్యా. పండగదాకా ఎందుకు, రేపే వెళ్ళిపోతాను."

అత్తగారు గిరుక్కున తిరిగింది. లోపలికి వెళ్ళి తియ్యటి నీళ్ళు కుండతో తెచ్చి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో నోట్లో పోసింది. చాలాసేపు పోసింది. బురద చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ ఆడవాళ్ళంతా బుట్టలతో పెరట్లోకి వచ్చారు. గిన్నెలో కొత్త నీళ్ళు పోసి చూశారు. ఉత్త నీళ్ళు, కదల్లేదు, మెదల్లేదు. "ఇప్పుడేం చేద్దాం వదినా?" అంది ఓక్తాన్, ఆ రోజు నవ్వు లేకుండా.

బావి దగ్గర బియ్యం కడుగుతున్న యోన్సిల్ తలెత్తకుండానే, "ఇంకా దిగుతోంది. పన్నెండుకి పది నిమిషాల ముందు తిరుగుతుంది. నిన్నటికంటే ఒక జానెడు ఎక్కువే వెనక్కి పోతుంది" అంది. అని తనే ఉలిక్కిపడి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. గిన్నెలో ఉన్నవాడు మనిషిలో ఉండకూడదా ఏమిటి! ఓక్తాన్ గడియారం చూసుకుని, "పదండే" అంది. ఆ రోజు సరిగ్గా పన్నెండుకి పది నిమిషాల ముందే తిరిగింది సముద్రం. బున్నె అవ్వ కూడా రోజూ పొద్దున్నే కబుర్లు చెప్పడానికి మనవరాలు వరసైన ఆ పిల్ల పక్కనే చతికిలబడటం మొదలెట్టింది. సగం కబుర్లు ఆ పిల్లకి, సగం లోపలివాడికి.

ఆ నెల పదమూడో రోజున యోన్సిల్ మూట కట్టుకుంది. అత్తగారి మాట అలాగే ఉంది కదా, ఆవిడ వెనక్కి తీసుకోలేదు, ఈ పిల్ల అడగనూ లేదు. రెండు రోజులకి సరిపడా నీళ్ళ వేళలు కాగితం మీద రాసి జాడీ కింద పెట్టి బస్సెక్కింది. చిల్బోక్ తల్లి వాకిట్లో గవ్వచేపలు వలుస్తూ తలెత్తలేదు.

కొండమీద పౌర్ణమి వచ్చింది. పైన్ ఆకుల మీద నెలవంకల్లా ఉడికించిన పిండివంటలు తిన్నారు. యోన్సిల్ మొహం ఆ రోజు ఎంత నిండుగా ఉందంటే, వాళ్ళమ్మ దీపం వెలిగించడం మర్చిపోయింది. ఊళ్ళో బావి మాత్రం రోజుకి రెండుసార్లు పొంగి రెండుసార్లు అడుగంటుతోందని, చేద తాడు సరిపోవట్లేదని ఆడవాళ్ళు విసుక్కున్నారు. "ఇంకెన్నాళ్ళుంటావే?" అనడిగింది వాళ్ళమ్మ. "తెలీదమ్మా, పిలవనంది" అని మొహం తిప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎవరో వాకిట్లో గట్టిగా ఊపిరి పీలుస్తున్న చప్పుడైంది. చిల్బోక్ తల్లి! కాళ్ళకి బురద ఎండిన రబ్బరు బూట్లు, చేతిలో గవ్వచేపల బుట్ట. పండగపూట బస్సు దొరక్క, కొండ కింద నుంచి నడిచే వచ్చిందట.

"ఛీ ఛీ, ఏం కొండే ఇది, మోకాళ్ళు విరిగిపోయాయి! మీవాళ్ళు ఎలా ఎక్కుతారే రోజూ?" అని గుమ్మంలోనే కూలబడింది.

"అత్తయ్యా! మీరు..." యోన్సిల్ గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. "వేళలు రాసిపెట్టానుగా, జాడీ కింద?"

"చూశాలే. నిన్నటితో అయిపోయాయి." ఆవిడ బూట్లు విప్పి, దులిపి, పక్కన పెట్టింది. ఎటో చూస్తూ అంది. "పద కోడలా, ఇంటికెళ్దాం. ఇవాళ నీళ్ళెప్పుడు తిరుగుతాయో దార్లో చెబుదువుగాని."